బ్రేకు పట్టింది

ఆరో కార్ల పందెంలో అందరికంటే ముందు పోతున్న మన డ్రైవరు మలుపు దగ్గర ఆగలేక అక్కడ పేర్చిన టైర్ల గోడను గుద్దుకోవడం, బండిలోంచి దిగీ దిగగానే “బ్రేకు పట్టలేదు” అని అందరూ వినేలా అరవడం, ఆ బ్రేకులు బిగించిన హెడ్ మెకానిక్ ఆ సాయంత్రం ఓనరు ముందు “తప్పు నాదే” అని ఒప్పుకోవడం పోయిన వారం చూశాం. ఆ హెడ్ మెకానిక్ పరాయివాడు కాదు, డ్రైవరుకి స్వయానా అక్క భర్త. పదకొండేళ్ళుగా చేస్తున్న పని ఆ ఒక్క మాటతో పోయింది. ఆయన జట్టు చొక్కా విప్పి, మడతపెట్టి, బల్ల మీద ఉంచి గేటు దాటి వెళ్ళిపోతుంటే బావమరిది చూస్తూ నిలబడ్డాడే తప్ప ఆగమనలేదు.

అది ఆదివారం. ఇవాళ గురువారం.

పొద్దున్న తొమ్మిదింటికి అతను వర్క్‌షాపు మెట్లెక్కుతుంటే భుజం ఇంకా సలుపుతూనే ఉంది. కింద షెడ్డులో కుర్రాళ్ళు రెండో బండికి తలుపులు బిగిస్తున్నారు. “గుడ్ మార్నింగ్ బావమరిదిగారూ” అన్నారు అలవాటుగా. అని నాలుక కరుచుకున్నారు. ఆ జట్టులో అతన్ని అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. హెడ్ మెకానిక్ మొదటిరోజు “వీడు మా బావమరిది” అని పరిచయం చేసిన దగ్గర్నుంచి అదే పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు బావ లేడు, బావమరిది మిగిలాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఎవరో చెంప మీద చిన్నగా తట్టినట్టుంటోంది.

మేడ మీద గదిలో ఒక ఇంజినీరు అమ్మాయి ఉంది. బండికి తగిలించిన మీటర్లన్నీ పంపే సమాచారాన్ని కంప్యూటర్లో రంగురంగుల గీతలుగా చూసి, ఎక్కడ ఏం జరిగిందో చెప్పడం ఆమె పని. పొద్దస్తమానం గీతల్లోనే బతుకుతుంది కనుక ఆమెకి గీతలమ్మ అని పేరు. నవ్వితే నవ్వుతుంది కానీ నవ్వించడానికి మాట్లాడే మనిషి కాదు.

“కూర్చోండి సార్” అంది తలుపు వేసేస్తూ.

“నన్ను ఒక్కణ్ణే రమ్మని ఫోనెందుకు చేశావమ్మా? ఓనరుగారికి తెలుసా?”

“ఇంకా చెప్పలేదు. ముందు మీకు చూపించాలనిపించింది.”

తెర మీద ఎర్రగీత ఒకటి. అడ్డంగా సాఫీగా పోతూ పోతూ, ఒకచోట గోడలా నిటారుగా పైకి లేచింది.

“ఇది మీ బ్రేకు. ఆదివారం, ఆ మలుపులో. మీరు పెడల్ తొక్కిన క్షణంలోనే పూర్తి బలం వచ్చింది. నాలుగు చక్రాలకీ సమంగా వచ్చింది. కొత్త బండికి కూడా ఇంత బాగా రాదు.” ఆమె ఆ ఎర్రగీత కొన మీద వేలు పెట్టింది. “బ్రేకు పట్టింది సార్.”

అతను తెర వైపూ ఆమె వైపూ మార్చి మార్చి చూశాడు.

“పడితే గోడలోకి ఎందుకు పోతాను?”

“తొక్కాల్సిన చోటు నలభై మీటర్లు దాటాక తొక్కారు కాబట్టి.”

“నేనా?”

“మీరే.”

“ఏమ్మా, ఆ మలుపులో నేను ఎన్నేళ్ళుగా తొక్కుతున్నానో తెలుసా? మలుపుకి వంద మీటర్ల ముందు వంద అంకె రాసిన బోర్డు కనబడగానే కాలు దానంతటదే పడుతుంది. నా కాలు సంగతి నాకు తెలియదా?”

“అదే నాకూ అర్థం కాలేదు” అందామె. “అందుకే మొత్తం పందెం చూశాను. మొదటి పద్నాలుగు చుట్లూ మీరు సరిగ్గానే తొక్కారు. అప్పుడు మీ ముందు ఇంకో కారు ఉంది. దాన్ని దాటి మీరు ముందుకొచ్చాక మూడు చుట్లు ఆ మలుపులో ఒక్కోసారి ఒక్కోచోట తొక్కారు. నాలుగోసారి గోడ. అయిదో పందెం తీసి చూశాను. అక్కడా అంతే. ముందు ఎవరో ఒకరు ఉన్నంతసేపూ బాగానే ఉంది. మీరే ముందున్నప్పుడు పోయింది.”

అతను తెర మీదకి వంగి మళ్ళీ చూశాడు. ఇదేం విడ్డూరం? డ్రైవరు వెనకబడితే తడబడతాడు, ముందుంటే తడబడ్డమేమిటి? భయమా? గెలుపంటే భయమా? ఇరవై ఏళ్ళు బండి నడిపినవాడికి ఇప్పుడు కొత్తగా ఏ భయం పట్టుకుంటుంది?

ఈ ఏడాది మొదలైన తీరు చూసినవాళ్ళెవరూ ఇలాంటి రోజొకటి వస్తుందనుకోరు. టూరింగ్ కార్ల పందెమంటే మనం రోడ్డు మీద చూసే కార్ల లాంటివే, లోపల సీట్లన్నీ పీకేసి, ఇనుపగొట్టాల పంజరం బిగించి, ఒకదాన్నొకటి రాసుకుంటూ పరిగెత్తించే పందెం. తోపులాటలో ఎవరికెంత ఒడుపుంటే వాళ్ళది గెలుపు. మొదటి రెండు పందేలూ అతనివే. మూడోదానిలో మలుపు తిరుగుతూ పక్కనున్న కారును కుమ్మేశాడు. పక్కన కారే లేదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు కానీ వీడియోలో కారు స్పష్టంగా ఉంది, శిక్షగా అట్టడుగుకి నెట్టేశారు. నాలుగోదానిలో మళ్ళీ లేచి పదకొండు సెకన్ల తేడాతో గెలిచాడు, జనం కంచెలెక్కి కేకలు పెట్టారు. అయిదోదానిలో ఆఖరి చుట్టులో కంకరలోకి జారాడు. ఆరోది గోడ పాలు. ఇంత జరిగినా, పోటీదారులు కూడా తలా ఒకచోట బోల్తా పడ్డంతో, మూడు పాయింట్లతో ఇప్పటికీ అతనే ముందున్నాడు. మిగిలినవి రెండే పందేలు. ఏడోది ఈ ఆదివారమే.

“సరే, నా తప్పే అనుకుందాం” అన్నాడు చివరికి. “మరి మా బావ ఎందుకు ఒప్పుకున్నాడు? బ్రేకు పైపులో గాలి మిగిలిపోయింది, చూసుకోలేదు అన్నాడు కదా!”

గీతలమ్మ కుర్చీ అతని వైపు తిప్పింది.

“ఆదివారం సాయంత్రం ఈ గీత తెర మీదకి వచ్చినప్పుడు మీ బావగారు నా వెనకే నిలబడి ఉన్నారు సార్. నాకంటే ముందు ఆయనే చదివారు. ఈ గీత చూశాకే కిందకెళ్ళి ఓనరుగారితో తప్పు నాదే అన్నారు.”

ఆ తర్వాత అతను ఏం మాట్లాడాడో, మెట్లెలా దిగాడో అతనికే తెలియదు.

*

అక్కావాళ్ళ ఇల్లు సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన రెండో అంతస్తు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని చుట్టూ కత్తిరించిన బడిపిల్లల చొక్కాలు గుట్టలుగా. అతను వెళ్ళేసరికి అక్క కాజాలు కుడుతోంది. తలుపు తీసే ఉంది. తీసి ఉండడం కాదు, తాళం ఉండాల్సిన చోట పెద్ద కన్నం ఉంది.

“దొంగలు పడ్డారా?” అన్నాడు.

“పడితే బాగుండు. నాలుగు రోజుల్నించి మీ బావ ఇంట్లో విప్పని వస్తువు లేదు. ఫ్యాను విప్పాడు, ఇస్త్రీపెట్టె విప్పాడు, పొద్దున్న తాళం. ఇంకో రెండ్రోజులు ఇంట్లో ఉంటే నన్ను కూడా విప్పి నూనె రాస్తాడు.” ఆమె తల ఎత్తి తమ్ముడి మొహం చూసింది. చూసి, మిషను ఆపేసింది. “ఏంట్రా?”

“బావేడీ?”

వంటగదిలోంచి ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు. కొళాయి కింద చతికిలబడి బావ రెంచితో కుస్తీ పడుతున్నాడు. చొక్కా లేకుండా, బనీను మీద, ఎప్పటికంటే చిన్నగా కనబడ్డాడు. బావమరిదిని చూసి లేవలేదు.

“రా. ఆ వాషరు ఇటు అందుకో” అన్నాడు, ఆదివారం ఏమీ జరగనట్టే.

“బ్రేకు పట్టింది బావా.”

రెంచి ఆగింది.

“గీతలమ్మ చూపించింది. నువ్వు చూశావట. చూసి కూడా తప్పు నాదన్నావట. నేనక్కడ పదిమంది ముందు నీ మీద అరుస్తుంటే నోరు మూసుకుని విన్నావు. ఎందుకు? నా మీద జాలా? నీ జాలి నాకెందుకు? నువ్వు నన్ను ఏమనుకుంటున్నావసలు?”

“గట్టిగా అరవకు, కింద కొట్లో వింటారు.”

“విననీ!”

బావ చేతులు తుడుచుకుని లేచి, ముందుగదిలోకి వచ్చి, గుడ్డల గుట్ట పక్కకి నెట్టి బల్ల మీద కూర్చున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాడిలా భార్య వైపు చూశాడు. ఆమె చొక్కా గుండీ ఒకటి వేళ్ళ మధ్య తిప్పుతోంది.

“నీ సొంత కారుకి కుడిపక్కన ఆ గీతలేమిట్రా?” అన్నాడు బావ.

“ఏ గీతలు?”

“తలుపు మీద, వెనక బంపరు మీద. అయిదారున్నాయి.”

“ఎవడో గీకి ఉంటాడు. దానికీ దీనికీ ఏంటి సంబంధం?”

“ఎడమపక్కన ఒక్కటీ లేదు” అన్నాడు బావ మెల్లగా. “మూడో పందెం రోజు పొద్దున్న గ్లవ్స్ నీ సీటుకి కుడివైపు పెట్టాను. నా గ్లవ్స్ ఏవి అని షెడ్డు ఎగిరిపోయేలా అరిచావు. మోచేతి పక్కనే ఉన్నాయి. హడావిడిలే అనుకున్నాను. అదే రోజు పక్కనున్న కారుని కుమ్మి, పక్కన కారే లేదన్నావు. అబద్ధం చెప్పే మొహం కాదు నీది, పదిహేనేళ్ళుగా చూస్తున్నాను. నిజంగానే నీకు అక్కడ కారు లేదు. వంద బోర్డు ఎడమపక్కన ఉండే చోటల్లా నువ్వు రాజువి. ఆదివారం మలుపులోలా కుడిపక్కన ఉండే చోట ముందు కారుని చూసి తొక్కుతున్నావు. ముందు కారు లేకపోతే...”

“ఆగాగు. నాకు కళ్ళు కనబడవంటున్నావా?” అతను నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. “జనవరిలో పరీక్ష చేశారు. గోడ మీద ఆఖరి వరస అక్షరాలు కూడా చదివాను. సర్టిఫికెట్ ఇచ్చారు. కావాలంటే ఇక్కణ్ణుంచి ఆ గోడ మీద కేలెండరు తేదీలు చదవనా?”

“ఎదురుగా ఉన్నవి నీకెప్పుడూ కనబడతాయిరా” అంది అక్క. “నాన్నక్కూడా కనబడేవి.”

ఆ ఇంట్లో నాన్న ప్రస్తావన రాక ఎన్నేళ్ళయిందో.

“మధ్యలో నాన్నెందుకు?”

అక్క కుర్చీ లాక్కుని తమ్ముడికి ఎదురుగా కూర్చుంది. చేతిలో గుండీని మాత్రం వదల్లేదు.

“నాన్న బస్సు నడపడం ఎందుకు మానేశాడో నీకు తెలుసా?”

“తెలియకపోవడమేమిటి? డిపోలో ఎవరితోనో గొడవ పెట్టుకుని తాళాలు విసిరికొట్టి వచ్చాడు. తాగుడు ఎక్కువై.”

“తాగడం నువ్వు చూశావా?”

“చూడాలా? గడపలకి భుజాలు కొట్టుకునేవాడు. చెంబులు తన్నేసేవాడు. నన్ను బడి దగ్గర దింపడానికొచ్చి కరెంటు స్తంభాన్ని గుద్దుకుంటే పిల్లలంతా పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత ఆయన్ని రావద్దన్నాను. ఆరేళ్ళప్పుడు. పద్దెనిమిదేళ్ళొచ్చాక మొహం మీదే అన్నాను, తాగుబోతు తండ్రి కడుపున పుట్టడం నా ఖర్మ అని. నువ్వూ విన్నావుగా. ఏం మాట్లాడాడు? ఒక్క మాట మాట్లాడలేదు.”

“ఆయన జన్మలో ఒక్క చుక్క ముట్టలేదు తమ్ముడూ.”

అతనికి మాటలు వినబడుతున్నాయి కానీ ఒకదాని పక్కన ఒకటి నిలబడడం లేదు.

“నాకప్పుడు పదిహేనేళ్ళు. ఒకరోజు బస్సు మలుపులో సైకిలు మీద పోతున్నాయన్ని రాసుకుంటూ పోయిందట. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ నాన్నకి ఆ సైకిలు కనబడనే లేదు. ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని కంటి ఆస్పత్రికి వెళ్ళాడు. పక్కచూపు పోయింది, చాలా ఆలస్యంగా వచ్చారు అన్నారు. నొప్పి ఉండదట, ఎరుపు ఉండదట, ఎదురుగా అన్నీ బాగానే కనబడతాయట. అందుకే ఎవరికీ తెలియదట. మర్నాడు ఆయనే డిపోకెళ్ళి తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేశాడు. విసిరికొట్టలేదు.”

“మరి తాగుడని ఎందుకు...”

“వీధిలో వాళ్ళన్నారు. ఆయన కాదనలేదు. గుడ్డివాడి కొడుకంటే వీడికి రేపు ఎవరూ స్టీరింగు ఇవ్వరే, తాగుబోతు కొడుకంటే ఇస్తారు అన్నాడు నాతో. నువ్వప్పటికే పళ్ళెం పట్టుకుని ఇల్లంతా స్టీరింగు తిప్పుతుండేవాడివి. నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఇది రక్తంలో వస్తుందని డాక్టరు చెప్పాడు. నేను ప్రతి ఏడాదీ చూపించుకుంటున్నాను, నాకు లేదు. నీకూ ఉండదులే అనుకుంటూ వచ్చాను. అనుకుంటే ఉండదన్నట్టు.” ఆమె కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. “మీ బావ గ్లవ్స్ సంగతి చెప్పిన రోజున ఆయనకి చెప్పేశాను.”

అతనికి కోపంతో ముందు ఎవరి మీద పడాలో తెలియలేదు. నాన్న మీదా? చచ్చిపోయినవాడి మీద ఏం పడతాడు? తన నోటి మీదా? ఆ రోజు తను అన్న మాటకి తలవంచుకున్న ఆ మొహం ఇప్పుడు ఎలా గుర్తు తెచ్చుకోవాలో కూడా తెలియడం లేదు. తాగినవాడి మొహంగా దాచుకున్నదాన్ని తీసి ఇంకెలా చూడాలి? అందుబాటులో ఉన్నవాడు బావ ఒక్కడే. బావ మీద పడ్డాడు.

“అంటే మూడో పందెం నుంచి నీకు తెలుసు. తెలిసి నన్ను మూడుసార్లు బండెక్కించావు! నేను చచ్చినా సరే. పక్క కారువాడో? వాడికి పెళ్ళాం పిల్లలు లేరా? చెప్పడానికి నోరెందుకు రాలేదు?”

“రాలేదు” అన్నాడు బావ. “నాలుగోది గెలిచావు. అక్కడ బోర్డులన్నీ ఎడమపక్కనేనని అప్పుడు తట్టలేదు. గెలిచినవాడితో నీకు కళ్ళు లేవని ఎలా చెప్పను? నేనే పొరబడ్డానేమో అనుకున్నాను. అయిదోదానికి భయం పట్టుకుంది. ఈ ఏడాది ఎలాగో గడిచిపోతే చాలు, తర్వాత నేనే తీసుకెళతాను అనుకున్నాను. తప్పే. అది మాత్రం నిజంగా నా తప్పు. బ్రేకుది కాదు, ఇది.”

“మరి ఆదివారం ఆ నాటకమెందుకు?”

“బ్రేకు తప్పంటే బండి మొత్తం విప్పి చూడాలి. పదిహేను రోజుల పని. ఏడో పందెం నీకు లేకుండా పోతుంది, ఆ సందులో నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళచ్చు అనుకున్నాను. ఓనరు రెండో బండి సిద్ధం చేయిస్తాడని నాకేం తెలుసు? బండిని ఆపుదామనుకుంటే నన్ను ఆపారు.”

ఆ మాటకి అక్క కూడా, అంత ఏడుపులోనూ, ముక్కుతో నవ్వింది. అతను మాత్రం నవ్వలేదు. లేచి కిటికీ దగ్గరకి వెళ్ళాడు, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. కుడివైపు తల తిప్పి చూశాడు. గోడ, కుట్టుమిషను, అక్క, అన్నీ ఉన్నాయి. తిప్పితే అన్నీ ఉంటాయి. ఏది కనబడ్డం లేదో ఎలా తెలుసుకోవాలి? కనబడనిది లేనట్టే ఉంటుంది కదా!

“నేను నమ్మను” అన్నాడు. “నాన్న సంగతి నిజమే కావచ్చు. నాది కాదు. అలసట. భుజం నొప్పి. ఇప్పుడే తేల్చుకుందాం. పరీక్ష ఎలా చేస్తారో నీకు తెలుసుగా అక్కా, ప్రతి ఏడాదీ వెళ్తావుగా. నాకు కనబడితే ఈ మాట మీరిద్దరూ జన్మలో ఎత్తకూడదు. ఆదివారం నేను బండెక్కుతాను, ఓనరు కాళ్ళు పట్టుకునైనా బావని వెనక్కి తీసుకొస్తాను.”

“కనబడకపోతే?” అంది అక్క.

అతను కుర్చీ గది మధ్యకి లాక్కుని కేలెండరుకి ఎదురుగా కూర్చున్నాడు.

బావ లేచి అతని వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. “కేలెండరు మధ్యలో ఉన్న అంకె మీద నుంచి చూపు తిప్పకు. వెనక నుంచి చెయ్యి ముందుకి తెస్తాను. వేళ్ళు కనబడగానే చెప్పు. ముందు ఎడమ.”

“ఊఁ... కనబడింది.”

“మళ్ళీ.”

“కనబడింది. కాస్త పైన. ఇప్పుడు కింద.” అతని గొంతులో బింకం వచ్చింది. “రెండు వేళ్ళు. ఆడిస్తున్నావు. చూశావా? నేను చెప్పలేదూ?”

“ఇప్పుడు కుడి” అన్నాడు బావ.

అతను పద్నాలుగో తేదీ మీద చూపు నిలిపాడు. అంకె నల్లగా, పదునుగా, అంచులతో సహా కనబడుతోంది. కింద కొట్లో ఎవరో సైకిలు చక్రం తిప్పి వదిలారు, అది గిరగిరా తిరిగి తిరిగి ఆగింది. ఎదురుగా కుర్చీలో ఉన్న అక్క చెయ్యి ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుంది. ఎందుకో అతనికి అర్థం కాలేదు.

“మొదలుపెట్టు బావా” అన్నాడు.

బావ మాట్లాడలేదు.

“నీకే చెప్తున్నా. ఎంతసేపు కూర్చోను? చెయ్యి తీసుకురా.”

అప్పుడు అతని కుడి కంటి కొసకి ఆనుకుని, చెంప ఎముక మీద, నూనె వాసన వేసే రెండు వేళ్ళు మెత్తగా తగిలాయి.